ఆకును పండించే వేడి

నూతలపూడి పత్తి పరిశోధన కేంద్రంలో పోలయ్యను పనిలో పెట్టుకున్నది మంటలు ఆర్పడానికి.

ఆ కేంద్రంలో కొత్త యంత్రం ఒకటి తయారవుతోంది. ట్రాక్టరు వెనక పొడవాటి రేకుల గూడు, గూటి మీద పత్తికట్టె మండించే పొయ్యి, పొయ్యిలోని వేడిగాలిని కిందికి తోసే ఫ్యాను. ఆ గూడు పత్తి సాళ్ల మీదుగా వెళ్తే మొక్కకు వేడి తగిలి ఆకు రాలిపోవాలి. ఆకు రాలితేనే పత్తి తీసే యంత్రం దూదిని శుభ్రంగా లాగుతుంది. లేకపోతే దూదినిండా ఆకు చెత్తే. పగిలిన పత్తి పక్కన నిప్పుతో పని కాబట్టి నీళ్ల ట్యాంకరు, ఇసుక బకెట్లు పెట్టుకుని ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషి పోలయ్య.

అరవై రెండేళ్లవాడు. ముప్ఫయ్యేళ్లు పొగాకు బ్యారన్లు కాల్చాడు. పచ్చి ఆకును కర్రలకు కట్టి, మూసిన గదిలో వేలాడదీసి, గొట్టాల్లో వేడి పంపి బంగారు రంగు తెప్పించడం ఆయన విద్య. పొగాకు సాగు ఆగిపోయి బ్యారన్లు గొర్రెల కొట్టాలయ్యాక ఆ విద్య అడిగినవాడు లేడు. కేంద్రంలో దరఖాస్తు రాయించుకున్న గుమాస్తా కూడా "నిప్పు దగ్గర పనిచేశాడు" అని మాత్రమే రాసుకున్నాడు.

యంత్రం రూపకర్త డాక్టర్ వహీదా. నలభై నిండని మనిషి. మూడేళ్లుగా దానితోనే కుస్తీ పడుతోంది. ఆకు రాల్చడానికి మందు ఉంది. యంత్రాలతో పత్తి తీయడం మొదలైనప్పటి నుంచీ డ్రోన్లు ఊళ్ల మీద ఆ మందే కురిపిస్తున్నాయి. ఆ మందు లేకుండా, ఒక్క చుక్క విషం లేకుండా, ఉత్త వేడితో ఆ పని చేయించాలని ఆమె పట్టుదల.

పోలయ్య చేరిన నాలుగో రోజున పరీక్ష జరిగింది. రెండు వందల డిగ్రీల గాలి, మొక్కకు మూడు సెకన్లు. గూడు దాటిపోగానే ఆకులన్నీ ముడుచుకుని మాడిపోయాయి. వారం చూశారు. ఒక్క ఆకు రాలలేదు. ఎండిన అప్పడాల్లా కొమ్మల్ని కరుచుకుని ఉన్నాయి. పత్తి తీసే యంత్రం వాటిని పొడిచేసి దూదిలో కలిపేసింది.

"ఇంకో ఇరవై డిగ్రీలు పెంచుదాం" అంది వహీదా అలసటగా.

పోలయ్యకు మాట్లాడే హక్కు లేదు. అయినా ఆగలేకపోయాడు. "పెంచితే ఇంకా అతుక్కుపోయిద్దమ్మా. ఆకుని చంపేశారు మీరు. చచ్చిన ఆకు రాలదు."

పక్కనున్న కుర్ర సైంటిస్టులు నవ్వారు. వహీదా నవ్వలేదు. "మరి ఏ ఆకు రాలుతుంది పోలయ్యగారూ?"

"పండిన ఆకు. పండాలంటే బతికుండాలి గదా! బ్యారన్లో మేం మొదటిరోజు వేడి ఎక్కనియ్యం. తలుపులన్నీ మూసి, ఆకు చెమట ఆకుకే పట్టేట్టు సన్నసెగ పెడతాం. ఆకు మెల్లగా పసుపు తిరిగిద్ది. తొందరపడి మంట పెంచామనుకోండి, పచ్చిగానే చచ్చిద్ది. ఇంక ఆ పచ్చదనం పోదు. ఎవుడూ కొనడు."

వహీదా ఒక మాడిన కొమ్మ తుంచి, తొడిమ మొదలును గోటితో గీకి చూసింది. ఆకు రాలడమంటే తెగి పడటం కాదు, మొక్క దాన్ని వదిలేయడం. తొడిమ మొదట్లో ఒక సన్నటి పొర ఉంటుంది. అందులోని కణాలు బతికుండి పని చేస్తేనే ఆ పొర వీడుతుంది. చదువుకున్నప్పుడు మొదటి సంవత్సరంలో నేర్చుకున్న సంగతే. మూడేళ్లుగా ఆ కణాలనే మాడ్చేస్తూ వచ్చింది తను.

"రేపటి నుంచి మీరు ఇసుక బకెట్ల దగ్గర కాదు, నా పక్కన ఉండాలి" అంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పోలయ్య ఈ మాట కూతురికి, అల్లుడికి చెప్పాడు. కూతురు అంకమ్మ పొయ్యి మీద కూర దించి వచ్చి మరీ విన్నది. అల్లుడు మాలకొండయ్య మంచం మీద దిండుకు చేరగిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లు లేవు. రెండు పంటలకాలం డ్రోన్లకు ఆకు మందు కలిపే పని చేశాడు. మూడో ఏడు దగ్గు పట్టుకుంది. ఇప్పుడు వీధి చివరి దాకా నడిస్తే మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి.

"అయితే మామా, ఆ బండి... వస్తే, మందు పోయిద్దా?"

"పోయిద్ది."

"తొందరగా చెయ్యి" అన్నాడు మాలకొండయ్య. అంతే అనగలిగాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది.

యంత్రాన్ని విప్పి మళ్లీ కట్టారు. గూటిని రెండు గదులు చేశారు. ముందు గదిలో తడి కలిసిన సన్నసెగ, చెయ్యి పెడితే వెచ్చగా ఉండేంత. వెనక గదిలో తొడిమ మొదళ్లకు మాత్రం తగిలేట్టు ఒక్క క్షణం చురుకైన వేడి. ఎంత సేపు, ఎంత తడి అన్న లెక్కలు వహీదావి. పొయ్యి నోరు ఎంత తెరవాలి, గాలి ఎటు తిరగాలి అన్నది పోలయ్య చూపు. ఇద్దరూ పోట్లాడుకున్న రోజులున్నాయి. "మీ మీటరు చెప్పేది గాలి సంగతమ్మా, ఆకు సంగతి కాదు" అని ఆయన విసుక్కుంటే, మర్నాటికల్లా ఆమె ఆకు ఈనెకు అంటించే మీటరు తయారుచేసి పట్టుకొచ్చింది. గోరంత ఉంది. పోలయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ మాట" అన్నాడు.

మాఘమాసం మొదట్లో, ఆఖరి మడిలో పరీక్ష చేశారు. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు ఆకు అంచులు పసుపు తిరిగాయి. నాలుగో రోజు పొద్దున పోలయ్య చేలోకి దిగేసరికి చిన్నగా టపటపమని చప్పుడు. వాన కాదు. గాలి లేదు. ఎకరం నిండా ఆకులు వాటంతటవే వదిలేసి నేలకు దిగుతున్నాయి. ఐదో రోజుకు ఒట్టి కొమ్మలు, కొమ్మల నిండా తెల్లటి పత్తి. ఆకు మీదుండే తెల్లదోమ కూడా ఆకుతోపాటే పోయింది.

వహీదా రాలిన ఆకొకటి ఏరి తొడిమ చివర చూపించింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. "ఇది మీ సంతకం పోలయ్యగారూ!" అంది.

పోలయ్య ఆ ఆకును చొక్కా జేబులో పెట్టుకుని ఊళ్లోకి వెళ్లాడు. టీ కొట్టు దగ్గర అందరికీ చూపించాడు. అంత నున్నటి తొడిమ వాళ్లెవరికీ ఏమీ చెప్పలేదు గానీ, ముసలాయన ముఖం చూసి అందరూ సంతోషించారు.

ఆ మడిలో మొదట తీసిన పత్తి మిల్లుకు పోయాక, ఆలస్యంగా పగిలిన కాయల విత్తనాన్ని కేంద్రం దాచింది. ఏటేటా కొనక్కర్లేకుండా, రైతే దాచుకుని వేసుకోగల రకం అది. వానాకాలంలో కొంత వహీదా, పోల్చి చూడటానికి వేడి తగలని మడి విత్తనంతో పాటు, కుండీల్లో వేసింది. మిగిలింది పోలయ్య అడిగి తీసుకుని, అంకమ్మ పేరున ఉన్న మూడెకరాల్లో వేయించాడు. తన నిప్పులో పండిన పంట తన చేలోనే మొలవాలని ఆయన ముచ్చట. చేను ఏపుగా వచ్చింది. దసరా నాటికి మొక్కకు పాతిక కాయలు. అన్నీ ఇంకా పచ్చివే.

తర్వాత వానలు మొహం చాటేశాయి. మూడు రోజులు వరసగా వేసవి లాంటి ఎండ కాసింది. ఆ తర్వాత ఐదో రోజు పొద్దున అంకమ్మ కేంద్రానికి ఫోన్ చేసింది.

"నాయనా, నువ్వొకసారి చేనికాడికి రా."

"ఏమైందే?"

"రా. నేను చెప్పలేను."

మూడెకరాల నేల మీద పసుపు పరిచినట్టుంది. మొక్కలు నిలబడే ఉన్నాయి. ఒక్కదానికీ ఆకు లేదు. పచ్చికాయలు ఎండకు వాడి, తోలు ముడుతలు పడుతున్నాయి. ఇక అవి పెరగవు, పగలవు. చుట్టూ ఉన్న చేలన్నీ పచ్చగా ఉన్నాయి.

"తెగులంటావా?" అంది అంకమ్మ.

పోలయ్య వంగి ఒక ఆకు తీశాడు. తెగులు పట్టిన ఆకు వాడి వేలాడుతుంది, ఇలా పండి రాలదు. తొడిమ చివర చూశాడు. నున్నగా ఉంది. ఇంకో రెండు తీసి చూశాడు. అవీ అంతే.

"తెగులు కాదే. ఇది నా పనే."

వహీదా వచ్చి చేను చూసి కేంద్రానికి వెనక్కి వెళ్లింది. నీడపందిరి కింద కుండీల్లో పెంచిన మొక్కల్ని రెండు వరసలు చేసింది. ఒక వరస వేడి తగిలిన మడి విత్తనం, రెండోది తగలని మడి విత్తనం. రెంటినీ మూడు రోజులు వెచ్చటి గదిలో ఉంచి బయట పెట్టింది. ఐదో రోజుకు మొదటి వరస మొత్తం బోడి అయింది. రెండో వరసలో ఒక్క ఆకు కదల్లేదు.

"గింజ గుర్తుపెట్టుకుంది" అంది వహీదా. "మనం వేడి తగిలించినప్పుడు ఆ మడిలో పగిలిన కాయలతో పాటు పచ్చికాయలూ ఉన్నాయి. తల్లి మొక్కకు మనం చెప్పిన మాట వాటిలో తయారవుతున్న గింజకు కూడా వినిపించింది. ఇప్పుడు కాస్త వేడి తగిలితే చాలు, కోత కాలం వచ్చిందనుకుని ఆకు వదిలేస్తోంది."

యంత్రానికి అనుమతి ఇచ్చే కమిటీ ఎనిమిది రోజుల్లో రాబోతోంది. డైరెక్టరు నరహరి ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. మూడేళ్లు ఈ పని ఆగకుండా కాపాడినవాడు ఆయనే.

"కూర్చోండి పోలయ్యగారూ. మీ చేను సంగతి నాకూ బాధగానే ఉంది. కానీ ఒక్క చేను, నాలుగు కుండీలు చూసి ఏం తేలుతుంది? ఇప్పుడు ఈ మాట కమిటీలో అన్నామంటే ఆపేస్తారు. ఒక ఏడు కావచ్చు, మూడేళ్లు కావచ్చు. అన్నాళ్లూ ఊళ్ల మీద ఆ మందే పడుతుంది. మీ అల్లుడి లాంటివాళ్లు ఇంకెంతమంది అవుతారో మీరే ఆలోచించండి. ముందు బండిని బయటికి రానిద్దాం. తర్వాత సరిచేసుకుందాం."

డైరెక్టరు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వహీదా పోలయ్య వైపు తిరిగింది. "చేను మీది. మీరు ఏమంటే అది" అంది.

ఇంటికెళ్లి పోలయ్య అన్నం ముందు కూర్చుని డైరెక్టరు మాటలన్నీ చెప్పాడు. మాలకొండయ్య విని, లేచి కూర్చున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కూడగట్టుకుంటూ అన్నాడు.

"మామా, నేను కలిపిన మందు డబ్బా మీద... 'మనుషులకు హాని లేదు' అని ఉండేది. నేను చదివే... చెయ్యి పెట్టా. దాన్ని చేసినోడికి తెలిసే ఉండిద్ది. తర్వాత చూద్దాంలే... అనుకుని ఉంటాడు."

మంచం పట్టె పట్టుకుని మామ వైపు తిరిగాడు.

"నువ్వు ఆ మనిషివి... కాబాక."

అంకమ్మ కంచం పక్కన మంచినీళ్లు పెట్టి, "గోనెసంచి ఎక్కడుందో చూస్తా" అంది.

కమిటీలో అధికారులు, సైంటిస్టులు, ఐదుగురు రైతులు ఉన్నారు. కమిటీకి పెద్ద రంగనాయకమ్మగారు, తలపండిన రైతు. యంత్రం నడిపి చూపించారు. అంతా మెచ్చుకున్నారు. నరహరి కృతజ్ఞతలు చెప్పడానికి లేచేలోపు వహీదా లేచింది. "ఇంకొకటి చూడాల్సి ఉంది" అంది.

పోలయ్య గోనెసంచి మోసుకొచ్చి బల్ల మీద కుమ్మరించాడు. అంకమ్మ చేలో రాలిన పసుపుటాకులు, వాటితోపాటు వాడిపోయిన పచ్చికాయలు గలగలా దొర్లాయి. సంగతి వహీదా చెప్పింది. ఏదీ దాచలేదు. ఎక్కడ లెక్క తప్పారో, ఏది ఇంకా తెలియదో అంతా చెప్పింది.

రంగనాయకమ్మగారు ఒక ఎండుకాయను వేళ్ల మధ్య నలిపి చూసి, "చేను ఎవరిది?" అన్నారు.

"నా కూతురిదమ్మా."

"నీ నష్టాన్ని నువ్వే మోసుకొచ్చి మా ముందు పోశావు. ఊరుకుంటే మాకు తెలిసేదే కాదుగా?"

"బ్యారన్లో ఆకు మాడితే ఏనాడూ ఆకుని తిట్టలేదమ్మా నేను" అన్నాడు పోలయ్య. "నిప్పు పెట్టింది నేను, మాడ్చిందీ నేనే. ఆ మాట చెప్పకపోతే రేపు నేను పెట్టే నిప్పుని ఎవరు నమ్ముతారు?"

అనుమతి ఒక ఏడు ఆపారు. కారణం పట్టుకుని, దారి చూపించి మళ్లీ రమ్మన్నారు.

ఆ ఏడు తేలిగ్గా గడవలేదు. డ్రోన్లు మామూలుగానే తిరిగాయి. చుట్టుపక్కల ఊళ్లలో పదకొండుమంది మందు గొంతుకు తగిలి ఆస్పత్రిలో పడ్డారు. ఒక్కొక్కరి కబురు తెలిసినప్పుడల్లా పోలయ్య వెళ్లి చూసి వచ్చేవాడు. వాళ్ల మంచం పక్కన కూర్చున్నప్పుడు తను చేసింది సరైనదేనా అని లోపల కెలికేది. ఇంటికొచ్చి అల్లుడి ముఖం చూస్తే సరైనదే అనిపించేది. మళ్లీ ఇంకో కబురు వచ్చేది. ఆ బరువు మోస్తూనే పని చేశాడు.

వహీదా వందల కాయలు కోసి, ఏ వయసు కాయలో గింజ వేడిని గుర్తుపెట్టుకుంటుందో వెతికింది. పగిలిన కాయలో గింజ అప్పటికే నిద్రలోకి పోయి ఉంటుంది, దానికేమీ వినబడదు. పచ్చికాయలో గింజకే వినబడుతుంది. కోత కాలానికి ప్రతి మొక్క మీదా కొన్ని పచ్చికాయలు ఉండనే ఉంటాయి. కాబట్టి దారి ఒకటే. విత్తనానికి పది సాళ్లు విడిగా వదిలెయ్యాలి. ఆ సాళ్లకు సెగ తగలకూడదు, వాటి పత్తి చేత్తోనే తీసుకోవాలి. మిగతా చేనుదంతా మిల్లుకే పోవాలి, గింజ దాచుకోకూడదు. పక్క సాళ్లకు సెగ పాకకుండా పోలయ్య గూటికి రెండువైపులా రేకు తెరలు కట్టాడు. ఆ కోతలో కేంద్రం అలా వదిలిన సాళ్ల విత్తనంతో అంకమ్మ మళ్లీ తన మూడెకరాలూ వేసింది. భయపడుతూనే వేసింది. ఎండలు కాశాయి. ఆకు పచ్చగా నిలబడింది.

కమిటీ ఈసారి అనుమతి ఇచ్చింది. పది సాళ్ల నియమం యంత్రంతో పాటే ఊరూరా వెళ్లాలని రాసిచ్చింది.

బండి నడపడానికి కేంద్రం మనుషుల్ని తయారుచేసింది. మొదటి జట్టులో అంకమ్మ చేరింది. పొయ్యి పని తండ్రి దగ్గరే నేర్చింది. ఆయన ఏమీ తగ్గించి చెప్పలేదు. తప్పు చేస్తే పరాయివాళ్లకన్నా ఎక్కువే కసిరాడు.

వినుకొండ వైపు ఒక ఊళ్లో మొదటి చేను కుదిరింది. రైతు బసవపున్నయ్య, ఎనిమిదెకరాల ఆసామి. ఊరు ఊరంతా గట్ల మీద చేరింది. వహీదా మీటర్లు అంటించింది. పోలయ్య పొయ్యి చూడటానికి వెంట వచ్చాడు. అంకమ్మ ట్రాక్టరెక్కి, నాలుగు సాళ్లు వెళ్లి, విత్తనం సాళ్ల గుర్తుకు కట్టిన ఎర్రగుడ్డ దగ్గర తిప్పుకోబోయింది.

"ఆపుతావేందమ్మాయ్? దాని మీద కూడా పోనీ" అన్నాడు బసవపున్నయ్య.

"అయి విత్తనం సాళ్లు. వాటికి సెగ తగలకూడదు బాబాయ్."

"అవన్నీ చేత్తో ఎవడు తీస్తాడు? మనుషులెక్కడున్నారు? చేను నాది, నేను చెప్తన్నాగా. పోనీ!"

పోలయ్య ముందుకు అడుగు వేశాడు. ఈలోపే ఫ్యాను ఆగిన చప్పుడు. అంకమ్మ పొయ్యి నోరు మూసేసి, బండి దిగి వస్తోంది. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"మాకు మూడెకరాలుంది బాబాయ్. ఒక పొద్దున పోయి చూస్తే ఆకంతా కింద ఉంది. కాయలు పచ్చిగా ఉండగానే రాలిపోయింది. మా ఆయన మందు పీల్చి మంచాన పడ్డాడు. ఆ చేనే మాకు దిక్కు. అయినా మేం దాచలా. అందరి ముందూ సంచిలో పోసుకెళ్లి చూపించాం. ఆ ఏడు మాకు తినడానికి కష్టమైంది. ఎందుకు చూపించామంటే, ఇంకొకళ్ల చేను అట్టా చూడకూడదని. ఆ పది సాళ్లూ వదిలితేనే ఈ పొయ్యి ఎలిగిద్ది. లేదంటే బండి తోలుకెళ్లిపోతాం. మనుషులు లేరంటున్నావు, ఆ పది సాళ్ల పత్తీ నేనూ మా జట్టూ వచ్చి తీసిపెడతాం."

బసవపున్నయ్య ఎర్రగుడ్డ వైపు చూశాడు, తన చేను వైపు చూశాడు. "సరేనమ్మా, కానీయ్" అన్నాడు మెత్తగా.

అంకమ్మ వెనక్కి వెళ్లి పొయ్యి నోరు తెరిచింది. కట్టె చిటపటమంది. పోలయ్య అలవాటుగా మంట చూడటానికి వెళ్లబోయాడు.

"నేను చూసుకుంటాలే నాయనా!" అంది ఆమె, మీటరు మీంచి కళ్లు తీయకుండానే.

పోలయ్య ఆగిపోయాడు. వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. గూడు కదిలింది. రేకు తెరలు ఎర్రగుడ్డలకు అంగుళం దూరంలో, ఒక్క మొక్కను కూడా తాకకుండా సాగిపోయాయి. బండి ఆ చివరకు వెళ్లి, తిరిగి, మళ్లీ ఇటు వస్తోంది. పొయ్యి పొగ సన్నగా నిటారుగా లేస్తోంది. వేడి సరిగ్గా ఉన్నప్పుడే అలా లేస్తుంది.

బసవపున్నయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు బండినే చూసి, "గట్టి మనిషే. ఎవరి పిల్లయ్యా ఆ అమ్మాయి?" అని అడిగాడు.

పోలయ్య తలపాగా సర్దుకున్నాడు. గట్ల మీదున్న వాళ్లందరికీ వినబడేంత గట్టిగా చెప్పాడు.

"మా పిల్లే!"